ఎర్రర్ చూపించని ఎర్రర్: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో అసలు చూడాల్సింది ఇదే

సాఫ్ట్‌వేర్‌లో తప్పు జరిగితే స్క్రీన్ మీద మెసేజ్ వస్తుందని చాలామంది ధీమా. నన్నడిగితే మెసేజ్ ఇచ్చే ఎర్రర్ మంచిదే. ఏమీ చెప్పకుండా తప్పు లెక్క వేసుకుంటూ పోయేదే అసలు ప్రమాదం.

2025 సెప్టెంబర్ 22న కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చాయి. నోటుబుక్కులు, పెన్సిళ్లు, షార్ప్‌నర్ల మీద 12 శాతం పన్ను సున్నా అయింది. ఆ వారంలోనే చిక్కడపల్లిలో స్టేషనరీ షాపు నడిపే మా బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, సిస్టమ్ పిచ్చి లెక్కలు వేస్తోంది, ఓసారి వచ్చిపో." నారాయణగూడ నుంచి ఎంత దూరం, నడిచే వెళ్లాను.

తప్పు పట్టుకుంది బాబాయి కాదు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్న ఒక కుర్రాడు. కరెంట్ అఫైర్స్‌లో జీఎస్టీ మార్పులు అప్పుడే చదివాడేమో, బిల్లు చూడగానే "అంకుల్, నోటుబుక్కుకి ఇప్పుడు పన్ను లేదు కదా" అన్నాడట. ఐదు లాంగ్ నోటుబుక్కులు 250 రూపాయలు. కింద సీజీఎస్టీ 15, ఎస్‌జీఎస్టీ 15. ముప్ఫై రూపాయలు ఎక్కువ.

పోనీ బాబాయి రేటు మార్చలేదా అంటే, 22న పొద్దున్నే స్టేషనరీ గ్రూపులో మార్చాడు. సేవ్ కూడా అయింది. నేను వెళ్లేసరికే సిస్టమ్ ఫార్మాట్ కొట్టించమని ఒకరు, కొత్త వెర్షన్ కొనమని ఇంకొకరు సలహాలిచ్చేశారు. రెండూ వద్దన్నాను. పన్ను సరిగ్గా పడుతున్న ఐటమ్ ఒకటి, తప్పు పడుతున్నది ఒకటి తెరిచి పోల్చి చూశాం. పెన్సిల్‌కి రేటు గ్రూపు నుంచి వస్తోంది. లాంగ్ నోటుబుక్కులో మాత్రం 12 అని నేరుగా రాసి ఉంది. ఎప్పుడో స్టాకంతా ఎక్సెల్ నుంచి ఎక్కించినప్పుడు ఆ అంకె వచ్చి కూర్చుంది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లలో పన్ను రేటు కంపెనీ, గ్రూపు, ఐటమ్ అని అంచెలుగా ఉంటుంది. ఐటమ్ దగ్గర ఒక అంకె రాసుంటే, పైన ఏం మార్చినా కిందికి దిగదు. పెద్ద కంపెనీలు వాడే ఎస్‌ఏపీలోనూ మామూలుగా ముందు ప్రత్యేకమైన రికార్డు వెతుకుతుంది, అది దొరక్కపోతేనే సాధారణమైనది. అంటే ఇది బగ్ కాదు. మనం చెప్పిందే చేసింది, ఎప్పుడు చెప్పామో మనమే మర్చిపోయాం.

పాత 12ని చెరిపేయలేదు. 22 నుంచి సున్నా అని తేదీ వేసి కొత్త రేటు చేర్చాం. లేకపోతే పాత బిల్లుల్ని దిద్దాల్సి వచ్చినప్పుడు ఆ లెక్కలూ మారిపోతాయి. మొత్తం పని పావుగంట.

కానీ ఆ నాలుగు రోజుల బిల్లుల సంగతి? కుర్రాడి ముప్ఫై బాబాయి వెంటనే ఇచ్చేశాడు. మిగతావాళ్లు ఎవరో తెలీదు, కౌంటర్ దగ్గర నోటుబుక్కు కొన్నవాళ్ల పేర్లు ఎవరు రాసుకుంటారు? పన్ను పేరుతో వసూలు చేసింది షాపులో ఉంచుకోకూడదు, ప్రభుత్వానికి కట్టాల్సిందే. అయినా కొన్నవాళ్ల జేబులో డబ్బు పోయినట్టే.

అందుకే నా అభిప్రాయం ఒకటే. మనం రివ్యూల్లో ర్యామ్ ఎంత, స్క్రీన్ ఎలా ఉంది, యాప్ ఎంత ఫాస్ట్ అని చూస్తాం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు మాత్రం డెమో ఇచ్చేవాణ్ణి ముందు ఈ ప్రశ్న అడగండి: "ఈ బిల్లులో ఉన్న పన్ను రేటు ఎక్కణ్నుంచి వచ్చిందో ఒక్క క్లిక్‌తో చూపించగలవా?" చూపించలేకపోతే మిగతా ఫీచర్లు ఎన్ని ఉన్నా నేనైతే కొనను.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు రేటు మార్చిన రోజు ఒక్కో రకం సరుకుకి ఒక్కో టెస్ట్ బిల్లు వేసి చూసుకోండి. సేవ్ అయిందన్న మాట నమ్మి షట్టర్ ఎత్తొద్దు.