మగ కుందేళ్లకు పల్లేరు పనిచేయునా?

జువ్వలదిన్నె ఇసుకలో చెప్పులు లేక నడచిన వారికి పల్లేరు కాయను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. ఈ మొక్కనే వైద్యులు గోక్షురమందురు. మూత్ర వ్యాధులకును, మగతనము తగ్గిన వారికిని ఆయుర్వేదమున చిరకాలముగ వాడుచున్నారు. పిల్లలు తక్కువైనపుడు మగ కుందేటికి కూడ ఈ పొడి పెట్టి చూతమను ఆలోచన పెంపకందారునకు కలుగుట సహజము. నా అభిప్రాయములో ఆ ఖర్చును, ఆ శ్రమను గూటి మీద పెట్టుట మేలు.

పల్లేరు గుణము వట్టిమాట యని నేననుట లేదు. సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయము వారు పల్లేరు సారమును మగ కుందేళ్లకు ఎనిమిది వారములు ఇచ్చి, పిమ్మట అంగమునందలి కండరమును పరీక్షించి, దాని పని మెరుగైనదని 2000లో ప్రకటించిరి. అయితే వారు పరీక్షించినది కండరమును. ఆడ కుందేళ్లు ఎన్ని చూడి కట్టినవి, ఎన్ని పిల్లలు పుట్టినవి అను లెక్క కాదు. కుందేటికి కోరిక కొరత సాధారణముగ ఉండదు. మనకు కావలసినది పిల్లలు.

మూలిక మేలు చేయకున్న కీడును చేయదని కొందరి ధైర్యము. అదియు సరికాదు. జయపూరులోని రాజస్థాన్ విశ్వవిద్యాలయమున లోహియా గారును వారి సహచరులును బొప్పాయి గింజల సారమును మగ కుందేళ్లకు ఇచ్చిరి. వీర్యకణములు క్రమముగ తగ్గి తుదకు లేకుండ పోయెననియు, మందు మానిన పిమ్మట మరల వచ్చెననియు 1999లో తెలిపిరి. వారు వెదకినది మగవారికి తగిన గర్భనిరోధక మందును. మనము పెరటి చెట్టు పండు తిని, గింజలను కుందేళ్ల తొట్టిలో వేయుదుము! తీసిన సారమునకును పిడికెడు గింజలకును సాటి లేదు. అయినను మగ కుందేటి గూటికి అవి చేరకుండుటయే క్షేమము. పల్లేరు మాత్రము? దక్షిణాఫ్రికాలో వాడిన పల్లేరు మేసిన గొర్రెలకు కాలేయము చెడి, తల వాచి, పచ్చబారు వ్యాధి ప్రసిద్ధమైనది.

ఇక అసలు సంగతి. కుందేటిలో వీర్యకణము తయారై బయటికి వచ్చుటకు ఇంచుమించు రెండు నెలలు పట్టును. 30 డిగ్రీలు దాటిన వేడి కొన్ని దినములు వరుసగ తగిలినచో వీర్యకణములు తగ్గును, ఉన్నవియు బలహీనపడును. మన జిల్లాలో రోహిణి వెళ్లినను ఎండ వెళ్లదు. కుందేటికి చెమట పట్టదు. తీరపు ఉక్కలో దాని బాధ మరింత హెచ్చు. చూచుటకు ఆరోగ్యముగనే ఉండును, జత కట్టును, కాని ఆడది చూడి కట్టదు. అప్పుడు రైతు మండలము దినములు మూలిక పెట్టును. ఆలోగా ఎండలు తగ్గును. వానల నాటికి పిల్లలు పుట్టును. పేరు పల్లేరుకు వచ్చును. ఏమియు పెట్టకున్నను ఆ పిల్లలు పుట్టెడివే.

కావున రేకు కప్పు మీద తాటాకు పరపుడు. గాలి వచ్చు ప్రక్క మూయకుడు. మధ్యాహ్నము తడి గోనెపట్టాలు వ్రేలాడదీయుడు. చల్లని నీరు ఎల్లవేళల ఉంచుడు. ఆడదానినే మగదాని గూటికి తెల్లవారుజామున తీసికొనిపొండు. ఒక మగదానికి పది ఆడవాటికి మించి అప్పగింపకుడు. వేసవిలో ఖాళీ పోయినంత మాత్రమున మంచి మగదానిని అమ్మివేయకుడు. ఎండ తగ్గిన రెండు నెలల వరకు ఓపిక పట్టుడు.

ఇంతకును పల్లేరు మీద నమ్మకము తీరని వారు స్వయముగ పరీక్షింపవచ్చును. ఒకే వయస్సు గల నాలుగు మగ కుందేళ్లను ఒకే నీడలో, ఒకే మేతతో ఉంచుడు. రెండింటికి మాత్రమే పొడి పెట్టి, రెండు నెలల తరువాత ఒక్కొక్క దానికి సమానముగ ఆడవాటిని జతపరచుడు. చూడి కట్టినవెన్ని, ఈనిన పిల్లలెన్ని యని తేదీలతో వ్రాసి, ఆ లెక్కను మీ గ్రామ పశుసంవర్ధక సహాయకునికి చూపుడు.