సాహసం ఒక్కటే తలుపులు తెరవదు

కాలు పోగొట్టుకున్న నల్లజాతి సైనికుడు బరువైన డైవింగ్ సూటు తొడుక్కుని, విచారణ గదిలో అధికారుల ముందు పన్నెండు అడుగులు వేస్తాడు. 2000లో వచ్చిన ‘మెన్ ఆఫ్ ఆనర్’ సినిమాలోని ఈ దృశ్యం చూసి కంటతడి పెట్టనివాళ్లు తక్కువ. అయితే, పట్టుదల ఉంటే వివక్ష దానంతటదే ఓడిపోతుందనే నీతి దగ్గరే మనం ఆగిపోకూడదు.

ఆ సినిమాకు ఆధారం కార్ల్ బ్రషీర్ జీవితం. కెంటకీలో పేద కౌలు రైతు కొడుకు. 1948లో నౌకాదళంలో చేరాడు. అప్పట్లో అక్కడ నల్లవాళ్లకు ఎక్కువగా దక్కింది వంటపని, వడ్డన. సైన్యంలో సమాన అవకాశాలు కల్పించాలంటూ అధ్యక్షుడు ట్రూమన్ 9981 నంబరు ఉత్తర్వు ఇచ్చింది ఆ ఏడాది జూలై 26న. అది ఎవరి దయా కాదు. వివక్ష పాటించే సైన్యంలో చేరొద్దని యువతకు పిలుపునిస్తామని కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ హెచ్చరించాడు. పైగా అది ఎన్నికల ఏడాది.

బ్రషీర్ 1954లో డైవింగ్ శిక్షణ పూర్తి చేశాడు. 1966లో స్పెయిన్ తీరంలో సముద్రంలో పడిన హైడ్రోజన్ బాంబును వెలికితీసే పనిలో గాయపడి కాలు పోగొట్టుకున్నాడు. 1968లో మళ్లీ డైవర్‌గా అర్హత సాధించాడు. 1970లో మాస్టర్ డైవర్ అయ్యాడు. నౌకాదళంలో ఆ హోదా పొందిన తొలి నల్లజాతి వ్యక్తి అతనే.

సినిమా రాండాల్ఫ్ పోరాటాన్ని పక్కనపెట్టి, బిల్లీ సండే అనే కల్పిత తెల్ల శిక్షకుడి మనసు మారడానికి పెద్దపీట వేసింది. వ్యవస్థ తప్పు వ్యక్తుల దురుసుతనంగా కుదించుకుపోయింది.

ఇది పాత సినిమా గొడవ మాత్రమే కాదు. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం ‘ప్రతిభ’ పేరు చెప్పి సైన్యంలో వైవిధ్య కార్యక్రమాలను రద్దు చేసింది. మార్చిలో జాకీ రాబిన్సన్ సైనిక సేవ గురించిన పేజీ రక్షణ శాఖ వెబ్‌సైట్ నుంచి మాయమైంది. నిరసనలు వచ్చాకే మళ్లీ కనిపించింది.

‘ప్రతిభ’ అనే మాట మనకూ కొత్త కాదు. 1818 కోరేగావ్ యుద్ధంలో మహర్ సైనికులు సాహసం నిరూపించుకున్నారు. అయినా ఆ శతాబ్దం చివరికి ‘యుద్ధ జాతులు’ కాదంటూ బ్రిటిష్ ప్రభుత్వం వాళ్ల నియామకాలే ఆపేసింది. అంబేద్కర్ పట్టుబట్టాకే 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడింది.

బ్రషీర్‌ను మనం గౌరవిద్దాం. కానీ మన పిల్లలు బతకడానికి ప్రతిసారీ వీరులు కావాల్సిన అవసరం లేని వ్యవస్థ కోసం కొట్లాడదాం.