కాళ్లకు నీళ్లు

దూరప్రయాణం చేసి వచ్చినవారికి గుమ్మంలోనే చెంబెడు నీళ్లివ్వడం మన ఇళ్ల పాత మర్యాద. ‘ముందు కాళ్లు కడుక్కోండి’ అన్నాకే కుశల ప్రశ్నలు. ఏం చూశారు, ఏం తెచ్చారు అన్నవన్నీ ఆ తర్వాత. నడిచి వచ్చినవి కాళ్లు కనుక తొలి పలకరింపు వాటికే దక్కేది. వాకిట్లో నీళ్ల గాబు పోయి చెప్పుల స్టాండు వచ్చాక ఆ మర్యాద అరుదైపోయింది. ఈమధ్య హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో అది మళ్లీ కనిపించింది.

ఆ ఇంటి ఇల్లాలు ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడిచి వచ్చారు. భర్త ఇంటిపట్టున ఉండి ఎదురుచూశారు. నేపాల్‌లోని లుక్లాలో 2,860 మీటర్ల ఎత్తున మొదలయ్యే ఆ కాలిబాట 5,364 మీటర్ల దాకా ఎక్కుతుంది. రానూపోనూ సుమారు 130 కిలోమీటర్లు. పైకి చేరేసరికి ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో సగమే. అందుకే ఆ దారిన ఎవరూ ఏకబిగిన ఎక్కరు. 3,440 మీటర్ల ఎత్తున నామ్చే బజార్‌లో ఒకరోజు, ఇంకా పైన డింగ్‌బోచేలో మరొకరోజు అదనంగా ఆగుతారు. ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటుపడ్డాకే ముందుకు కదులుతారు. తొందరపడితే తలనొప్పి, వాంతులు. ముదిరితే ప్రాణానికే ముప్పు.

ఎక్కేటప్పుడు ఇంత జాగ్రత్త. ఇంటికి రావడం మాత్రం ఎంత హడావుడిగా జరిగిపోతుందో! నిన్న లుక్లా, ఇవాళ కాఠ్మాండూ, రాత్రికి శంషాబాద్. ఆమె వచ్చేసరికి పెదవులు పగిలి ఉన్నాయి. ఎండకు, చలిగాలికి ముక్కు మీద తోలు ఊడుతోంది. దిగుడు దారిలో బూటు ఒరుసుకుని బొటనవేలి గోరు నల్లబడింది. పిల్లలు కేకు తెచ్చి, సెల్‌ఫోన్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ‘ముందు అమ్మను కూర్చోనివ్వండి’ అని ఆయన వాళ్లను ఆపారు. వేన్నీళ్లలో గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి, ఆ బకెట్ ఆమె కాళ్ల దగ్గర పెట్టారు. తర్వాత పెరుగన్నం కలిపారు. ఆవకాయ జాడీ తీయబోయి, ఆ పెదవులు చూసి మళ్లీ మూత పెట్టేశారు. ఆ రాత్రి ఒక్క ప్రశ్నా అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆమెను ఎవరూ నిద్ర లేపలేదు.

నామ్చేలో ఆగినట్టే గడపలోనూ కాసేపు ఆగాలని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. మన అమ్మమ్మలకు మాత్రం అది తెలుసు. తెలుగు స్త్రీలు తరతరాలుగా పాడుకున్న ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటలో లక్ష్మణుడు పద్నాలుగేళ్ల అరణ్యవాసం ముగించుకుని భార్య గదిలోకి వస్తాడు. అన్నేళ్లూ నిద్రలోనే గడిపిన ఊర్మిళ అతణ్ని గుర్తుపట్టదు. ఎవరో పరాయి మగవాడనుకుని భయపడుతుంది, నిలదీస్తుంది. లక్ష్మణుడి అడవి కష్టాలు కావ్యాల నిండా ఉన్నాయి. ఈ పాట కట్టినవారికి మాత్రం అతను ఇల్లు చేరిన ఆ కొద్ది ఘడియలే కావలసి వచ్చాయి. అడవి నుంచి వచ్చిన మనిషి అడుగుపెట్టగానే పాత మనిషి అయిపోడు. ఇంట్లో ఉండిపోయిన మనిషీ ఎక్కడివారక్కడే ఆగి ఉండరు. ఇద్దరూ ఒకరికొకరు మళ్లీ పరిచయం కావడానికి కాస్త వ్యవధి కావాలి.

ఆ వ్యవధి ఇవ్వడం ఒక సేవ. ఉగాది ముందు నల్లమల దారిలో ఆ సేవ ఏటా కనిపిస్తుంది. కన్నడ భక్తులు వందల మైళ్లు నడిచి వచ్చి, ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం మీదుగా అడవిలోకి అడుగుపెడతారు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటి శ్రీశైలం చేరుకుంటారు. దారి పొడవునా ఊళ్లవాళ్లు మజ్జిగ ఇస్తారు, అన్నం పెడతారు, బొబ్బలెక్కిన పాదాలకు మందు రాస్తారు. నడిచి వచ్చినవారి పేరేమిటో, ఊరేదో తెలియకపోయినా ముందు పాదాల సంగతి చూస్తారు. అపరిచితులకు దారి పక్కన దొరికే ఈ ఆదరణ, సొంత మనిషికి సొంత గుమ్మంలో దొరకకపోతే ఎలా?

ఒకప్పుడు ఎదురుచూడటం ఆడవాళ్ల వంతు. మగవాడు అడవికో, యాత్రకో, యుద్ధానికో వెళితే ఆమె దీపం పెట్టుకుని కూర్చునేది. ఆ వంతు మారడం కొత్తేమీ కాదు. 1975 మే 16న ఎవరెస్ట్ శిఖరం ఎక్కిన తొలి మహిళ, జపాన్‌కు చెందిన జుంకో తబేకి అప్పటికి మూడేళ్ల కూతురు ఉంది. ఆ బిడ్డను చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయింది ఆమె భర్త మసనోబు. ఆయనా కొండలెక్కే మనిషే. శిఖరం చేరడానికి 12 రోజుల ముందు ఆమె గుడారాన్ని మంచు చరియ కప్పేసింది. షెర్పాలు ఆమెను బయటకు లాగి బతికించారు. కొండ అంటే ఏమిటో తెలిసీ బిడ్డతో ఇంట్లో ఎదురుచూడటానికి ఎంత గుండె కావాలి!

మన భాషలో ఎదురుచూపు, ఎదురుకోలు అన్న రెండు మాటలూ ‘ఎదురు’ నుంచే పుట్టాయి. చూపుతో ఎదురేగిన మనిషే, వచ్చిన రోజున చేతులతో ఎదుర్కొంటారు. ఆ రెంటికీ మధ్య గడిచిన రోజులను ఎవరూ లెక్కపెట్టరు. కొండెక్కినవారి దగ్గర ఫోటోలుంటాయి, చెప్పుకోవడానికి కథలుంటాయి. పాల ప్యాకెట్లు తగ్గించి చెప్పడం, పిల్లలకు క్యారేజీ కట్టడం, ఎన్నడూ వినని ఊళ్ల వాతావరణాన్ని రోజుకు పదిసార్లు ఫోన్‌లో చూసుకోవడం... వీటికి ఫోటోలుండవు. అందుకే వచ్చినవారు తమ కథ చెప్పుకోవడంతో పాటు ‘ఇక్కడెలా గడిచింది?’ అని అడగడం కూడా మర్యాదే. ఆ ప్రశ్న ఎదురుచూసినవారి కాళ్లకిచ్చే నీళ్లు.

ఆ మూడో అంతస్తు ఇంట్లో రెండో రోజు సాయంత్రం ఆమె అడిగారు. ‘బాగానే గడిచింది’ అన్నారాయన. ఆమె ఊరుకోలేదు, మళ్లీ అడిగారు. కాసేపటికి ఆయన అన్నారు: ‘నీ ఫోను పలకని ఆ రెండు రాత్రులూ హాల్లో లైటు ఆర్పలేకపోయాను. ఆ తర్వాత అదే అలవాటైపోయింది.’

ఆ రాత్రి అందరూ పడుకున్నాక, హాల్లో లైటు ఆమే ఆర్పారు.