ఫోనుల గేజిభేదము

గుంతకల్లు జంక్షనును పూర్వ మెరిగిన పెద్దలకు ఒక దృశ్యము జ్ఞాపకముండును. మదరాసు నుండి రాయచూరు పోవు బ్రాడుగేజి మార్గ మొకవైపు, బెజవాడకు పోవు మీటరుగేజి మార్గము వేరొకవైపు. ఒకదాని పట్టాలపై రెండవదాని చక్రము నడువదు. కావున సరకు నీ వ్యాగనునుండి దింపి ఆ వ్యాగనున కెక్కింపవలసి వచ్చెడిది. కాలవ్యయమును, కూలిఖర్చును, చిరిగిన బస్తాల నష్టమును ప్రజలవే. దేశమంతట నొకే గేజి యుండవలెనను పథకము 1992లో ఆరంభమైన పిదపనే ఈ బాధ చాలవరకు తొలగినది.

పట్టాలపై తొలగిన ఆ భేదమే నేడు మన అరచేతిలో నెలకొనియున్నది. అమెరికానుండి వచ్చిన మనుమడు అమ్మమ్మ పాడిన మంగళహారతిని తన ఐఫోనులో పట్టుకొనును. ఇంటిలోనివారి ఫోనులన్నియు ఆండ్రాయిడ్. ప్రక్కప్రక్కనే కూర్చున్నను ఆ వీడియోను ఈ ఫోనులోనికి చేర్చుటకు తిన్నని దారి కానరాదు. బ్లూటూతుచే ఐఫోను ఆండ్రాయిడుతో ఫైళ్ల నిచ్చిపుచ్చుకొనదు. వాట్సాపులో వీడియోగా పంపినచో అది కుదించుకొనిపోయి, ముఖము మసకబారి చేరును. మనుమడు విమానమెక్కును, అసలు ప్రతియు వానితో నెగిరిపోవును. ఆ ఫోను పోయిననాడు అమ్మమ్మ పాట యింట నెవరికిని దక్కదు.

వీడియో పెద్దదగుట దోషము కాదు. 4కే నాణ్యతతో సెకనుకు 60 చిత్రములుగా తీసినచో నిమిషమునకు సుమారు 400 ఎంబీ యగునని ఐఫోను సెట్టింగులలోనే వ్రాసియున్నది. అంతటి స్పష్టత కొరకే గదా జనులు వేలకు వేలు పోసి ఆ ఫోనులు కొనుచున్నారు! తీయుటకు కెమెరా నమ్మినవారే పంచుకొనుటకు ద్వారము మూయుట ఏమి న్యాయము?

ఈ అడ్డంకి ప్రకృతిసిద్ధ మనుకొనుట పొరపాటు. ఐఫోనునకు 2013లో ఎయిర్‌డ్రాప్ వచ్చినది. ఆండ్రాయిడునకు 2020లో నియర్‌బై షేర్ వచ్చి, 2024లో క్విక్ షేర్ అను పేరు దాల్చినది. రెండును బ్లూటూతుతో ఎదుటి ఫోనును గుర్తించి, వైఫైతో ఫైలును పంపగలవు. ఇంటర్నెట్టు తోడు పనిలేదు. యంత్రధర్మ మొక్కటియే, సహపంక్తి మాత్రము నిషిద్ధము! 2025 నవంబరులో గూగులు సంస్థ ఆపిలు సాయము లేకయే, మొదట పిక్సెల్ 10 ఫోనులలో, క్విక్ షేర్‌ను ఎయిర్‌డ్రాపుతో కలిపినది. సాధ్యము కాదను సాకు ఆనాటితో తీరిపోయినది.

భద్రత కొరకే ఈ కట్టుబాట్లని కొందరందురు. అపరిచితులు అసభ్యచిత్రములు పంపుట నిజముగా నున్న బాధయే. అయినను దానికి మందు అనుమతి నడుగుటయే గాని గోడ కట్టుట కాదు. పై యేర్పాటునందు ఐఫోను యజమాని పదినిమిషములు మాత్రమే ద్వారము తెరచి, వచ్చినదానిని చూచి అంగీకరించును. ఇంతకు మించిన కావలి యేల?

గోడ యున్నంతకాలము జనులు దొడ్డిదారులు వెదకుదురు. ఒకప్పుడు షేరిట్, జెండర్ అను చైనా యాప్‌లు మనయిండ్ల నిండెను. 2020 జూన్ 29న ప్రభుత్వము నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండును గలవు. దేశరక్షణ నిమిత్తము దొడ్డిదారి మూయుట యుక్తమే. రాజమార్గము తెరపించుటయు ప్రభుత్వధర్మమే.

అట్టి మార్గము వేయుట మనకు చేతకాని పనియా? 2016లో ఆరంభమైన యూపీఐ వలన నే కంపెనీ యాప్ నుండియైనను నే బ్యాంకుకైనను రూకలు క్షణములో చేరుచున్నవి. ఐఫోను నుండి ఆండ్రాయిడునకు ధనము పోవును గాని అమ్మమ్మ పాట పోదు! ఐరోపా సమాఖ్య 2022లో ఒకే తీరు చార్జరు నుండవలెనని శాసించెను; 2023లో వచ్చిన ఐఫోను 15 యూఎస్‌బీ-సీ ద్వారమును ధరించెను. 2025 మార్చిలో ఆ సమాఖ్యయే ఇరుగుపొరుగు ఫోనుల ఫైళ్ల మార్పిడి విషయమునను ద్వారము తెరువుమని ఆపిలు సంస్థను ఆదేశించెను. శాసనము పలికిననే వర్తకుడు వినునని దీనివలన స్పష్టము.

అంతవరకు గృహస్థులు తమ సొత్తును తామే కాచుకొనవలెను. వాట్సాపులో వీడియోగా గాక డాక్యుమెంటుగా పంపినచో 2 జీబీ వరకు నాణ్యత చెడకుండ చేరును. ఒకే వైఫైలోనున్న రెండు ఫోనులలోను లోకల్‌సెండ్ అను ఉచితమైన యాప్ నుంచుకొన్నచో నేరుగా పంపవచ్చును. ఐఫోను 15గాని, తరువాతివిగాని అయినచో యూఎస్‌బీ-సీ పెన్‌డ్రైవు చాలును. అయితే ఫ్యాట్32 పద్ధతి పెన్‌డ్రైవులో 4 జీబీ మించిన ఒక్క ఫైలు ఇమడదు. బంధువులు ప్రయాణమగుటకు ముందే ఈ పని ముగించుట మేలు.

ఇవి యుపాయములు, హక్కులు కావు. కొన్న ఫోను మనది, తీసిన వీడియో మనది. ఎవరికి పంపవలెనో నిర్ణయించు అధికారము మాత్రము పరదేశపు కంపెనీది! ఇంతపెద్ద బజారు గల దేశము ఐరోపా అడిగినపాటి ప్రశ్న అడుగజాలదా? ఈ దేశమున నమ్మబడు ఫోనులన్నిటికి ఫైళ్ల మార్పిడియం దొకే గేజి యుండవలెనని పార్లమెంటు శాసింపవలెను. అట్లు శాసింపుడని మన ప్రతినిధులను మనము నిలదీయవలెను.