పంటికి పట్టిన గార

ఆంగ్ల సాహిత్యం చదువుకునే రోజుల్లో ‘టార్టర్’ అనే మాట నాకు రెండు విధాలుగా పరిచయమైంది. ఒకటి మధ్య ఆసియా గుర్రపు రౌతుల పేరు. రెండవది ద్రాక్షసారాయి పీపాలలో పేరుకునే గట్టి మడ్డి. దంతాలపై పేరుకునే పదార్థానికి ఆంగ్లేయులు ఆ మడ్డి పేరే పెట్టుకున్నారు. మనవారు దానిని గార అన్నారు. గోడకు మెత్తే సున్నపు పూతకూ అదే పేరు. ఈ రెండింటిలో మన మాటే సార్థకమని నేను గ్రహించింది నిఘంటువు చూసి కాదు, దంతవైద్యుని కుర్చీలో కూర్చుని.

నలభై రెండవ ఏట ఒకనాటి ఉదయం పళ్ళు తోముకుని ఉమ్మితే ఎర్రని చార కనిపించింది. కింది వరుస ముందుపళ్ళ వెనుక నాలుకకు గరుకుగా ఏదో తగులుతున్నది. అద్దంలో చూస్తే పసుపు, గోధుమ రంగులు కలిసిన చిన్న గట్టు. ఆనాటి నుండి భయం పట్టుకుంది. అయినా రెండేళ్ళు వైద్యుని గుమ్మం తొక్కలేదు. “గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయి” అని మా అమ్మ చిన్ననాటి నుండి చెబుతూండేది. ఆమె తీయించుకోలేదు, అరవై నిండకుండానే ఆమె పళ్ళు ఒక్కొక్కటే ఊడిపోయినవి. ఈ రెండింటికీ సంబంధమున్నదేమో అని నాకు తట్టనే లేదు. నిజం చెప్పాలంటే, భయాన్ని మించినది సిగ్గు. ఇంత చదువుకున్నారు, పళ్ళు తోముకోవడం రాదా అంటారేమోనని!

వైద్యుడు ఆ మాట అనలేదు. పంటిపై నిత్యం చేరే మెత్తని పాచి సూక్ష్మజీవుల పొర అనీ, దానిని తుడిచివేయకపోతే కొద్ది దినాలలోనే లాలాజలంలోని సున్నపు లవణాలు చేరి రాయిగా మారుతుందనీ చెప్పారు. లాలాజల నాళాలు తెరుచుకునే చోట్ల, అనగా కింది ముందుపళ్ళ వెనుక, పై దవడపళ్ళ బయటివైపు, అది త్వరగా పేరుకుంటుంది. ఒకసారి గట్టిపడిన తరువాత ఏ బ్రష్షూ, ఏ పొడీ దానిని కదిలించలేవు.

అరగంటలో పని ముగిసింది. నాలుకకు పళ్ళ మధ్య కొత్త సందులు తగిలేసరికి నా గుండె జారింది. అమ్మ మాటే నిజమా? “ఆ సందులు ఇదివరకే ఉన్నవి. వాటిని గార పూడ్చింది. గార మెత్తి బీటను కప్పినంతమాత్రాన గోడ బలపడుతుందా?” అన్నారు వైద్యుడు. పంటిని వదులు చేసేది గార తీయడం కాదు. దాని చాటున చిగురు వాచి, లోపలి ఎముక కరగడం. ఆ కరిగిన ఎముక తనంత తాను తిరిగి రాదు.

సిగ్గుపడేవారికి ఒక ఊరట. హాలెండులోని డెల్ఫ్ట్ పట్టణంలో లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు ప్రతిదినం ఉప్పుతో పళ్ళు తోముకునేవాడు. అయినా తన పళ్ళ సందుల నుండి గీకిన తెల్లని పదార్థంలో, తాను తయారు చేసుకున్న భూతద్దం కింద, కదలాడే జీవులను చూసి, 1683లో లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు. పాచి ఎవరినీ విడువదు.

భయపడేవారికి మరొకటి. 1965లో డెన్మార్కులో హరాల్డ్ లోయె బృందం ఒక పరిశోధనను ప్రకటించింది. ఆరోగ్యమైన చిగుళ్ళు గల పన్నెండు మంది పళ్ళు తోముకోవడం మానివేశారు. పది నుండి ఇరవై ఒక్క దినాలలో అందరికీ చిగుళ్ళు వాచినవి. మరల తోమడం ఆరంభించగా సుమారు వారంలో కుదుటపడినవి. ఎముక దాకా పోని వ్యాధి వెనుకకు మళ్ళుతుందన్నమాట.

కనుక గుండుసూదితో గీకవద్దు. నిమ్మరసంతో రుద్దవద్దు, అది పంటిపై పింగాణీ పొరను తినివేస్తుంది. చిగుళ్ళు నెత్తురు కారితే తోమడం మానవద్దు. మెత్తని బ్రష్షుతో రెండుపూటలా తోమి, వైద్యునికి చూపించండి. గార తీయించిన తరువాత కొన్నాళ్ళు చన్నీరు జివ్వుమనిపించవచ్చు. అది సాధారణంగా తగ్గిపోతుంది.

ఇదంతా మా అమ్మకు వివరించాను. ఆమె కట్టుడుపళ్ళను గిన్నెలోని నీటిలో ఉంచి, కొంతసేపు మౌనంగా ఉండి, “నాకు ఇట్లా ఎవరూ చెప్పలేదు” అన్నది.