మాటల మూట: చారెడు, పుడిసెడు, కారెడు

మాకు చిన్ననాటి నుంచీ ఒక జబ్బుంది. ఎవరూ వాడని మాట ఎక్కడ కనబడినా రాసి దాచుకోవడం, తరువాత సమయం ఉన్నా లేకపోయినా దాన్ని ఎవరో ఒకరిమీద ప్రయోగించడం. హైస్కూల్లో ఉండగా బహుజనపల్లి సీతారామాచార్యుల వారి శబ్దరత్నాకరం మా చేతికి చిక్కింది. 1885లో వచ్చిన ఆ నిఘంటువును మేము నవల చదివినట్టు చదివాం. నచ్చిన మాటలన్నీ ఒక నల్ల అట్ట నోటుబుక్కులోకి ఎక్కించాం. ఇక మా ఇంట్లో మంచం పర్యంకమైంది, దోమ మశకమైంది. ఒకనాడు స్నానానికి వెళ్తూ "అమ్మా, ఉష్ణోదకం సిద్ధమేనా?" అని కేకేస్తే, అమ్మ వంటింట్లోంచి, "వేణ్ణీళ్ళు కాగాయి గానీ, నువ్వడిగిందేదో ఇంకా పొయ్యెక్కలేదురా" అంది.

ఆ నోటుబుక్కు మాతోపాటు సముద్రం దాటి వచ్చింది. ఇక్కడ ఆఫీసులో దానితో పనేముంది? కనుక ఏటా ఉగాది సభలో దాని దుమ్ము దులిపేవాళ్ళం. పెద్దలు చప్పట్లు కొట్టేవారు, పిల్లలు కుర్చీల్లో నిద్రపోయేవారు. తప్పు పిల్లలదేనని మా నమ్మకం.

ఒక వేసవిలో అమ్మ మా దగ్గరికి వచ్చింది. అప్పటికి మా అమ్మాయికి పదమూడేళ్ళు. మామ్మ చేసే పప్పు నేర్చుకుంటానని కాగితం, కలం పట్టుకుని పొయ్యి పక్కన నిలబడింది.

"చారెడు కందిపప్పు, గుప్పెడు తోటకూర, ఉసిరికాయంత చింతపండు, చిటికెడు పసుపు. పప్పు బిగిస్తే పుడిసెడు నీళ్ళు పొయ్యి" అంది అమ్మ.

"చారెడంటే ఎన్ని కప్పులు మామ్మా?"

"కప్పులెందుకే? నీకు చెయ్యి లేదూ?"

అమ్మాయి ఊరుకోలేదు. మామ్మ చేతిలోని పప్పును కొలత కప్పులో పోయించింది. పావు కప్పు దాటి కొంచెం వచ్చింది. తన చేతిలో పట్టినది పోస్తే పావు కప్పు నిండలేదు. "ఇద్దరికీ ఒకటే రాలేదే!" అంది. "ఎందుకొస్తుంది? నీ చారెడు నీది" అంది అమ్మ.

మేము లేచి వెళ్ళి నోటుబుక్కు తీశాం. వెయ్యికి పైగా మాటలున్నాయి. చారెడు లేదు, పుడిసెడు లేదు. ఇంట్లో రోజూ వినబడేవి కాబట్టి అవి మాకు మాటల్లాగే తోచలేదు. వింత మాటలకోసం ఊరంతా వెదికాం. ఈ దేశంలో మా పిల్లకు అసలైన వింత మాటలు మా వంటింట్లోనే ఉన్నాయని ఆ పూట తెలిసింది.

ఆ రాత్రి అమ్మ దగ్గర కూర్చుని లెక్క రాసుకున్నాం. చాచిన చేతి గుంటలో పట్టే గింజలు చారెడు. రెండు చేతులూ కలిపితే దోసెడు. నీళ్ళయితే పుడిసెడు, నోటికి ఒకసారి పట్టేది గుక్కెడు. నాలుగు వేళ్ళ వెడల్పు బెత్తెడు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసకు చాపితే జానెడు. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా మూరెడు. రెండు చేతులూ బార్లా చాపితే బారెడు. ఒంటినే కొలబద్ద చేసుకున్న భాష మనది. ఆడపిల్లకు చారడేసి కళ్ళన్నా, బారెడు పొద్దెక్కిందన్నా ఆ కొలబద్ద బయటికి తీసినట్టే. మన ఊళ్ళలో పూలమాల ఇప్పటికీ మూరల్లోనే బేరమాడతారు.

ఇక గిన్నె కొలతలు. మా వైపు నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. 1956 చట్టంతో కిలోలు, లీటర్లు వచ్చాక ఇవి అంగడి వదిలి వంటింట్లో తలదాచుకున్నాయి.

ఇలాంటి మాటలకు విలువ కట్టినవారు లేకపోలేదు. 1852లో అచ్చయిన బ్రౌన్ దొర నిఘంటువు కావ్యాల మాటల పక్కన జనం నోటి మాటలకూ చోటిచ్చింది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వాన వెలువడిన మాండలిక వృత్తిపదకోశంలో ఉన్నవి రైతుల దగ్గరకు వెళ్ళి అడిగి సేకరించిన మాటలు. ఆ పండితులు ఊళ్ళు తిరిగారు. మేము పక్క గదిలోకి వెళ్ళడానికి అంతకాలం పట్టింది.

అమ్మ తిరుగు ప్రయాణమయ్యేలోగా నలభై మాటలు రాశాం. మిగతావి ఫోనులో అడుగుదామనుకున్నాం. ఆదివారం ఫోను చేస్తే ఆరోగ్యం, వానలు, పెళ్ళి కబుర్లతోనే సరిపోయేది. మరుసటి ఏడు అమ్మ పోయింది.

ఆవకాయ పెట్టేటప్పుడు నూనె కొలవడానికి అమ్మ దగ్గర ఒక చిన్న ఇత్తడి పాత్ర ఉండేది. దానికొక పేరు చెప్పేది. గిద్ద కాదు, సోల కాదు. వందసార్లు విన్నాం. పాత్ర ఇప్పుడు మా అలమరలో ఉంది, పేరు లేదు. అన్నయ్యను అడిగాం, అతనికీ గుర్తు లేదు. నిఘంటువులో వెదుకుదామంటే ఏ అక్షరం కింద వెదకాలి?

ఇది చెప్పి మిమ్మల్ని దిగులు పెట్టడం మా ఉద్దేశం కాదు. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళేనాడు పెట్టెలన్నీ వాకిట్లో పేర్చి, "నాన్నా, కారెడు సామానుంది, ఎలా పడుతుంది?" అంది. మేము ఉలిక్కిపడ్డాం. ఆ మాట ఏ నిఘంటువులోనూ చూడలేదు. చారెడు, గరిటెడు, బుట్టెడు, బండెడు విన్న పిల్ల తనకు కావలసిన మాట తానే కట్టుకుంది. మేము వెయ్యి మాటలు పోగుచేసి ఒక్కటీ పుట్టించలేదు. మామ్మ పక్కన నిలబడి పప్పు నేర్చుకున్న పిల్ల పుట్టించింది.

కనుక ఈ నెల పాఠకులకు ఒక పని పెడుతున్నాం. మీ ఇంట్లో పెద్దవారు ఉంటే, లేదా వారంవారం ఫోనులో పలికితే, ఆరోగ్యం అడిగాక ఒక్క మాట అడగండి. వంటింటిదో, పొలానిదో, పశువుల కొట్టందో. అర్థంతోపాటు వారి ఊరి పేరు కూడా రాసి పంపండి. ఈ శీర్షికలో వేస్తాం. రాసి ఊరుకోకండి, ఆ పూటే పిల్లల ముందు వాడండి.

నూనె కొలిచే చిన్న ఇత్తడి పాత్రను మీ ఇంట్లో ఏమనేవారో కూడా రాయండి. వింటే మేము గుర్తుపడతాం.