మీటరు మాట – మనిషి మాట

యంత్రము అబద్ధమాడదనుట నేటి లోకమున ఒక సామెతవలె స్థిరపడినది. మనిషికి ఆశ ఉన్నది, భయము ఉన్నది. యంత్రమునకు ఆ రెండును లేవు. కావున దాని మాటయే ప్రమాణమని మనము తలచుచున్నాము. ఈ నమ్మకము వలన ఒక నిరుపేద డ్రైవరు దొంగ యనిపించుకొనిన ఉదంతమును మేము కన్నులార చూచితిమి. అందువలననే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

మా వీధిలో ఒక పెద్దాయన గలరు. మేమందరము వారిని చాచా అని పిలుచుచుందుము. ముప్పది ఏండ్లుగా స్టీరింగు పట్టినవారు. మా ఆదిలాబాదు అడవిదారులలో, ఒక గుత్తేదారు వద్ద, నాలుగు చక్రములకును ఇంజను బలము అందు డీజిలు జీపును నడుపుచున్నారు. వాహనపు తెరపై లీటరుకు 13 కిలోమీటర్లని కనబడుచుండగా, కొన్న డీజిలు ఆ లెక్కకు మించి పోవుచుండెను. ఆ తేడాను గుత్తేదారు నెలనెలా జీతములో కోయసాగెను. జీతము తగ్గినదానికంటె మాట పోయినదానికే చాచా ఎక్కువ కుమిలిరి. “బేటా, మీటరు చదువుకున్నది. నేను చదువుకోలేదు. ఎవరి మాట నమ్ముతారు?” అని వారు అడిగిన నాడు మావద్ద జవాబు లేకపోయెను.

జవాబు వెదకుటకు మిత్రులము నలుగురము పూనుకొంటిమి. టాంకు నిండుగా నింపించి, మూత తాళపుచెవి మా వద్ద ఉంచుకొంటిమి. వారము తిరిగిన పిదప అదే బంకులో, అదే పంపు వద్ద, గొట్టము తనంతట తాను ఆగువరకు మరల నింపించితిమి. 312 కిలోమీటర్లకు 27.1 లీటర్లు పట్టెను. అనగా లీటరుకు పదకొండున్నర. తెరపై మాత్రము 13! ఆ లెక్కన 24 లీటర్లే చాలవలెను. మిగిలిన 3.1 లీటర్లను ఎవరు దొంగిలించిరి? తాళపుచెవి మా జేబులోనే ఉండెను గదా! బంకు కొలతయే తక్కువేమో యని శంకించి, ప్రభుత్వ ముద్ర గల ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిపించితిమి. అట్టి పాత్ర ప్రతి బంకులోను ఉండవలెను. అడిగి కొలిపించుకొను హక్కు కొనువారికి గలదు. కొలత సరిగానే ఉండెను. మరి రెండు వారములు ఇట్లే పరీక్షించితిమి. రెండు మారులును తెరయే గొప్పలు చెప్పెను.

ఇది యంత్రపు మోసమని మేమనము. దాని పని తీరే అట్టిది. తెరపై అంకె టాంకులోని ఇంధనమును కొలిచి చెప్పునది కాదు. ఇంజెక్టరులు ఎంతసేపు తెరచుకొన్నవో, ఎంత ఒత్తిడితో ఇంధనము చిమ్మినవో లెక్కించి, ఇంత ఖర్చయి యుండునని కంప్యూటరు అంచనా కట్టును. ఇంజెక్టరు అరిగినను, డీజిలు వేడెక్కినను అంచనా కొంత తప్పవచ్చును. ఇక దూరమును చక్రముల చుట్లనుబట్టి గణించును. బురదలో చక్రము ఉన్నచోటనే తిరిగినను అది ప్రయాణముగా జమపడును. టైర్లు అరిగినచో నడువని దూరము కూడ నడిచినట్లు కనబడును. కావున ఆ దూరమునే నమ్మి మేము కట్టిన పదకొండున్నర కూడ కొంత ఉదారమైన లెక్కయే కావచ్చును.

యూరపులో 2021 నుండి కొత్త కార్లలో ఇంధన వినియోగమును నమోదుచేయు పరికరము తప్పనిసరి అయినది. దాని లోపము నూటికి ఐదు మించరాదని నిబంధన. అంత కట్టుదిట్టమున్న చోట సైతము చట్టము ఐదు పాళ్ల తప్పును మన్నించుచున్నది. ప్రయోగశాల అంకెల సంగతియు ఇట్లే యున్నది. 2021లో రిజిస్టరయిన పెట్రోలు, డీజిలు కార్లు రోడ్డుపై ఆ అంకెలకంటె సుమారు 20 శాతము ఎక్కువ ఇంధనము త్రాగినవని 2024లో యూరోపియన్ కమిషన్ ప్రకటించినది. నున్నని రోడ్లపై కార్ల గతియే ఇది యైనప్పుడు, వాగులు దాటుచు, లో గేరులో గుట్ట లెక్కు జీపు మాట వేరుగ చెప్పవలెనా?

డీజిలు దొంగతనములు లోకమున లేవని మేము వాదించుటలేదు. యజమాని తన సొమ్మునకు లెక్క అడుగుట న్యాయమే. ఒకే బండి, ఒకే దారిలో, నిన్నటికంటె నేడు ఎక్కువ త్రాగుచున్నదా యని తెలిసికొనుటకు ఆ తెర చక్కగా పనికివచ్చును. కాని ఒకరి నిజాయితీని తూచుటకు అది త్రాసు కాజాలదు. లెక్క కావలసినవారు టాంకు నింపి, దూరము వ్రాసి, మరల నింపి చూడవలెను. ఒక్కసారి కాదు, మూడు నాలుగు సార్లు. ఆ పైన ఒక దినమైనను డ్రైవరు ప్రక్కన కూర్చుండి ఆ దారిని తాము చూడవలెను.

మా లెక్క కాగితమును చూచిన పిదప గుత్తేదారు కోతలు మానెను. కోసిన సొమ్ము మాత్రము ఇంకను తిరిగి ఈయలేదు. దానికొరకు అడుగుటకు వచ్చే వారము చాచాతో కూడ మేమును పోవుచున్నాము. విద్యార్థి మిత్రులారా! మనము నేర్చిన కూడికలు, భాగహారములు ఇట్టివారి పక్షమున ఒక్కమారైనను నిలిచినచో, మన చదువునకు కొంత సార్థకత కలిగినట్లే యని మా నమ్మకము.